మగవారి మూత్రాశయ స్కాన్: ఎలా చేయించుకోవాలి, ఎలా చదవాలి?

యాభై దాటిన మగవాడు రాత్రి మూడుసార్లు లేస్తే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ధార సన్నబడిందనీ, మొదలవడానికి నిలబడి ఎదురుచూడాల్సి వస్తోందనీ మాత్రం ఆయన నోరు విప్పితేగాని తెలియదు. మనవాళ్లు ఆ నోరు విప్పడానికే చాలాకాలం తీసుకుంటారు. తీరా డాక్టరు దగ్గరికి వెళ్లాక ముందుగా రాసిచ్చే పరీక్షల్లో అల్ట్రాసౌండ్ స్కానింగ్ ఒకటి. సూది లేదు, రేడియేషన్ లేదు, నొప్పి లేదు. తేలికైన పరీక్ష కదా అని తేలిగ్గా తీసుకునే దాన్ని పాడుచేసుకుంటారు. నీళ్లు లెక్కతప్పి తాగుతారు, హడావుడిగా పోసి వస్తారు, ఆ తర్వాత రిపోర్టులో పడిన అంకె చూసి ఆపరేషన్ దాకా ఆలోచిస్తారు.

ఈ పరీక్షలో యంత్రం పని సగం, రోగి పని సగం. రోగి చేయాల్సిన సగం గురించి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అది ఇక్కడ వరసగా చెబుతాను. మీకోసమే చదువుతున్నా సరే, నాన్నగారినో మామగారినో స్కాన్‌కి తీసుకెళ్లబోతున్నా సరే.

ముందు ఒక చిట్టా

స్కాన్‌కి ముందు ఏవైనా మూడు రోజులు ఒక కాగితం మీద లెక్క రాయండి. ఏ టైముకి ఒంటికి వెళ్లారు, ఎంత వచ్చింది, ఎంత తాగారు, ఆపుకోలేక బట్టలు తడిశాయా. కొలవడానికి గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి చాలు. చాదస్తంగా కనిపిస్తుంది గానీ, స్కాన్ చెప్పలేని ఒక సంగతిని ఈ కాగితం చెబుతుంది. రాత్రి లేచి పోసినదీ, పొద్దున లేవగానే పోసినదీ కలిపి 24 గంటల మొత్తంలో మూడో వంతు దాటిందంటే, ఒంట్లో మూత్రం రాత్రిపూటే ఎక్కువ తయారవుతోందన్నమాట. అలాంటప్పుడు దోషం మూత్రాశయానిది కాకపోవచ్చు. కాళ్లవాపు, గుండె బలహీనత, నిద్రలో ఊపిరి ఆగే గురక, పడుకోబోయే ముందు తాగే నీళ్లు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ప్రోస్టేట్ మాత్రలు ఎన్ని వేసినా ఆ రాత్రి లేవడం తగ్గదు.

డాక్టర్లు ఏడు ప్రశ్నల పట్టిక ఒకటి ఇస్తారు. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 5 మార్కులు, మొత్తం 35. ఏడు వరకు వస్తే బాధ స్వల్పం, 8 నుంచి 19 దాకా మధ్యస్థం, 20, ఆపైన వస్తే తీవ్రం. నిజాయితీగా నింపండి. పక్కన కోడలు కూర్చుందని తగ్గించి చెప్పే మామగార్లు ఎక్కువ.

వాడుతున్న మందులన్నీ రాసుకోండి, జలుబు మాత్రతో సహా. ముక్కు కారడం ఆపే మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ లాంటివి మూత్రం బిగబట్టేలా చేయగలవు. అప్పటికే ప్రోస్టేట్ పెరిగి ఉన్న పెద్దాయనకి రెండు మాత్రలతో పూర్తిగా ఆగిపోవచ్చు కూడా. మలబద్ధకం ఉంటే అదీ చెప్పండి. పేగు నిండి ఉంటే మూత్రాశయం సరిగా ఖాళీ కాదు.

ఏ స్కాన్ అని అడగాలి

చీటీ మీద "కేయూబీ, ప్రోస్టేట్, పీవీఆర్" అని ఉందో లేదో చూడండి. కేయూబీ అంటే కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం. పీవీఆర్ అంటే పోసి వచ్చాక లోపల మిగిలిన మూత్రం. మగవారి విషయంలో ఈ మూడో మాట లేకపోతే స్కాన్ అసలు ప్రశ్నకి జవాబివ్వదు. ఉత్త "అబ్డామిన్ స్కాన్" అని రాసి ఉంటే డాక్టరును అడిగి పీవీఆర్ కలిపించుకోండి.

పరగడుపున వెళ్లాలా అంటే, కిడ్నీలూ మూత్రాశయం వరకే అయితే అక్కర్లేదు. మొత్తం పొట్ట చూసే స్కాన్‌కి పిత్తాశయం కనిపించాలి కాబట్టి కొన్ని గంటలు తినొద్దంటారు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఆ తేడా ముందే కనుక్కోవాలి. అనవసరంగా పస్తుండి సెంటర్లో కళ్లు తిరిగి పడిపోవడం ఎందుకు?

స్కానింగ్ సెంటర్ గోడ మీద "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అనే బోర్డు చూసి కొందరు పెద్దవాళ్లు, ఇది ఆడవాళ్ల ఆస్పత్రేమో అని వెనక్కి తగ్గుతారు. 1994 నాటి చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ కేంద్రంలో ఆ బోర్డు ఉండాలి. మగవారి ప్రోస్టేట్ చూసే యంత్రమైనా సరే నమోదు కావలసిందే.

నీళ్లు ఎంత తాగాలి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. "ఫుల్ బ్లాడర్‌తో రండి" అంటారు కౌంటర్‌లో. ఫుల్ అంటే ఎంతో చెప్పరు. రోగి రెండు లీటర్ల సీసా ఎత్తేస్తాడు. వరసలో ఇంకా పదిమంది ఉంటారు. గంట గడిచేసరికి పొట్ట ఉబ్బి, చెమటలు పట్టి, కాళ్లు మెలేసుకుని కూర్చుంటాడు.

మామూలు పెద్ద మనిషి మూత్రాశయంలో 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. పోయాలన్న మొదటి ఊహ 150, 200 దగ్గరే వస్తుంది. స్కాన్‌కి కావలసింది 250, 300 దరిదాపు. అంటే గట్టిగా వస్తోంది గానీ ఇంకాసేపు ఆపుకోగలను అనిపించే స్థితి. దానికి గంట ముందు రెండు మూడు గ్లాసులు, అంటే అర లీటరుకి కాస్త అటూఇటూగా తాగితే సరిపోతుంది. అక్కడి నుంచి వేరే ఏమీ తాగకండి.

అతిగా నింపితే ఏమవుతుందంటే, కండరం సాగిపోయి పట్టు కోల్పోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాడు కూడా 700 మిల్లీలీటర్లు నింపుకుని వెళ్తే 500 పోసి 200 లోపలే ఉంచుకోవచ్చు. రిపోర్టులో "రెసిడ్యువల్ యూరిన్ 200" అని పడుతుంది. అదే మనిషి ఇంకో రోజు 300 దగ్గర పోస్తే 30, 40కి మించి మిగలకపోవచ్చు. మొదటి రిపోర్టు చూసి మందులు మొదలుపెడితే ఆ మందు వైద్యం చేసేది సీసాడు నీళ్లకే.

గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి, రోజుకి ఇంత నీరే తాగాలని డాక్టరు కొలత పెట్టినవారు ఈ పరీక్ష కోసం ఆ కొలత దాటకూడదు. కాస్త ఎక్కువసేపు ఆపుకుంటే చాలు, అదే నిండుతుంది. చుక్కలు చుక్కలుగా కారుతున్నవారికి నీళ్లే అక్కర్లేదు. ఆ సంచి ఎలాగూ నిండే ఉంటుంది, పొంగి కారుతోంది అంతే.

బల్ల మీద

వెల్లకిలా పడుకోబెట్టి, పంచె గానీ ప్యాంటు గానీ కాస్త కిందికి జరిపించి, పొత్తికడుపు మీద చల్లటి జెల్ రాస్తారు. ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య గాలి ఉంటే శబ్ద తరంగాలు లోపలికి పోవు, అందుకే ఆ జెల్. బొడ్డుకి కింద, ముందు ఎముకకి పైన ప్రోబ్ ఆనించి కాళ్లవైపు వంచి చూస్తారు. మూత్రం తెరమీద నల్లగా కనిపిస్తుంది, చుట్టూ గోడ బూడిద రంగులో. మూత్రాశయం వెనకా కిందా ఉన్న ప్రోస్టేట్ కనిపించేది ఆ నల్లటి కిటికీలోంచే. నిండుగా రమ్మనేది దానికే.

ప్రోబ్‌ను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు. మూడింటినీ గుణించి 0.52తో హెచ్చిస్తే వచ్చేదే పరిమాణం. 10 సెంటీమీటర్లు, 8, 7 అనుకుందాం. 560ని 0.52తో హెచ్చిస్తే 291, అంటే 291 మిల్లీలీటర్లు. మూత్రాశయం అందరిలోనూ కోడిగుడ్డంత నున్నగా ఉండదు కాబట్టి ఈ లెక్కలో నూటికి 15, 20 అటూఇటూ కావడం మామూలే. రిపోర్టులో 73 అని ఉంటే దాన్ని 73గా కాదు, 60కీ 90కీ మధ్య ఏదో ఒకటిగా చదువుకోవాలి.

ఈ దశలో డాక్టరు ఇంకేం చూస్తారు? గోడ మందం. నిండుగా ఉన్న మూత్రాశయం గోడ 3 మిల్లీమీటర్ల లోపు, నిండనప్పుడు 5 లోపు ఉండాలి. సగం నిండిన సంచిని చూసి "గోడ దళసరిగా ఉంది, సిస్టైటిస్" (మూత్రాశయ వాపు) అని రాసేసిన రిపోర్టులు తరచూ కనిపిస్తాయి. నీళ్లు తక్కువ తాగి వెళ్లినా చిక్కే అన్నమాట. అడ్డంకిని నెట్టుకుంటూ ఏళ్లతరబడి పనిచేసిన కండరం నిజంగానే దళసరెక్కి లోపలివైపు వరసలు వరసలుగా లేస్తుంది. దాన్ని ట్రాబెక్యులేషన్ అంటారు. ఇంకా ముదిరితే గోడ బయటికి పొక్కి పక్క సంచులు ఏర్పడతాయి, అవి డైవర్టిక్యులాలు.

మధ్యలో "పక్కకి తిరగండి" అంటే విసుక్కోకండి. లోపల రాయి ఉంటే మనిషి తిరిగినప్పుడు అదీ దొర్లుతుంది, వెనక నల్లటి నీడ వేస్తుంది. గోడకి అంటుకుని కదలకుండా ఉన్న గడ్డ అయితే కథ వేరు. దాంట్లో రక్తప్రవాహం ఉందేమో డాప్లర్‌తో చూస్తారు.

తర్వాత రెండు కిడ్నీలు. మూత్రం కిందికి దిగక వెనక్కి తన్నితే కిడ్నీ లోపలి గిన్నె ఉబ్బుతుంది, దీన్నే రిపోర్టులో హైడ్రోనెఫ్రోసిస్ అని రాస్తారు. బాగా నిండిన మూత్రాశయం వల్ల కూడా కిడ్నీలు కాస్త ఉబ్బినట్టు కనిపించవచ్చు. అందుకని పోసి వచ్చాక ఇంకోసారి చూడాలి. తగ్గితే భయం లేదు. తగ్గకపోతే, పైగా రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగి ఉంటే, ఆలస్యం చేయకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తేలని కిడ్నీ జబ్బు ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. అలాంటి చోట క్రియాటినిన్ పెరిగిన పెద్దాయనను చూసి "ఇదీ ఆ జబ్బే" అనుకునే ముందు ఈ స్కాన్ తప్పక చేయించాలని నా అభిప్రాయం. అడ్డంకి వల్ల దెబ్బతింటున్న కిడ్నీ తొందరగా దారి ఇస్తే చాలావరకు తేరుకుంటుంది.

బాత్రూముకి వెళ్లి రావడం

పరీక్షలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. "వెళ్లి పోసి రండి" అని ఒక్క మాట అంటారు. కారిడార్ చివర ఒక గది, గడియ పడదు, బయట ఇద్దరు తలుపు తడుతుంటారు. కొత్త చోట, మనుషుల అలికిడిలో, ఒంటికి రాని మగవాళ్లు ఎందరో. సగం పోసి సిగ్గుతో వచ్చేస్తారు. మిగిలిన సగం రిపోర్టులో జబ్బై కూర్చుంటుంది.

మీరు చేయాల్సింది ఇది. వస్తున్నట్టు నిజంగా అనిపించినప్పుడే వెళ్లండి. ఇంట్లో కూర్చుని పోసే అలవాటుంటే అక్కడా కూర్చోండి. కాళ్లు నేలకి ఆనాలి, పొట్ట వదులుగా ఉండాలి, ముక్కకూడదు. ఆగాక కాసేపు నిదానించి, మళ్లీ వస్తే పోయనివ్వండి. కొలమగ్గు ఇస్తే అందులో పోసి అంకె చూసుకోండి. స్కాన్‌లో 291 కనిపించి, మగ్గులోకి 220 వచ్చిందంటే 70 దాకా మిగిలిందని యంత్రం చెప్పకముందే మీకు తెలిసిపోతుంది. రెండు లెక్కలూ పొంతన కుదరకపోతే ఎక్కడో కొలత తప్పింది.

అక్కడి నుంచి తిన్నగా బల్ల దగ్గరికి రావాలి, పది నిమిషాల లోపు. వరసలో కూర్చుని మళ్లీ పేరు పిలిచేదాకా ఆగితే లెక్క పోయినట్టే. మామూలుగా కిడ్నీలు నిమిషానికి ఒకటి రెండు మిల్లీలీటర్లు తయారుచేస్తాయి. అప్పుడే నీళ్లు దట్టించిన మనిషిలో అది 10 కూడా దాటుతుంది. ఇరవై నిమిషాలు ఆగితే 200 మిల్లీలీటర్లు కొత్తగా వచ్చి చేరతాయి. అదంతా "మిగిలిన మూత్రం" ఖాతాలో పడుతుంది. కాబట్టి వెళ్లే ముందే అక్కడున్న సిస్టర్‌తో "అమ్మా, రాగానే చూస్తారా?" అని ఒక మాట అనుకోండి. సరిగా రాలేదనిపిస్తే అదీ చెప్పండి, "హడావుడిలో పోశానండీ, ఇంకోసారి వెళ్లొస్తాను" అని. ఇందులో నామోషీ ఏమీ లేదు.

పెద్ద ఆస్పత్రుల్లో నర్సులు చేతిలో ఇమిడే బ్లాడర్ స్కానర్‌తో మంచం దగ్గరే ఈ కొలత తీస్తారు. బొమ్మ గురించి ఆలోచించకుండా అంకె మాత్రం ఇచ్చే యంత్రం అది. పొట్టలో నీరు చేరినవారిలోనూ, పెద్ద నీటితిత్తులున్నవారిలోనూ దాన్ని నమ్మలేం. అక్కడున్న నీటిని కూడా మూత్రమనే లెక్కేస్తుంది.

రిపోర్టు చేతికొచ్చాక

ముందు పీవీఆర్ వెతకండి. 50 మిల్లీలీటర్ల లోపుంటే మూత్రాశయం బాగా ఖాళీ అవుతున్నట్టే. పెద్ద వయసులో 100 దాకా ఉన్నా, వేరే బాధ లేకపోతే చాలామంది డాక్టర్లు కంగారుపడరు. 200 దాటితే ఖాళీ కావడం లేదనే అనుకోవాలి. 300 పైన ఆరు నెలలకి మించి, రెండుసార్లయినా కొలిచినప్పుడు కనిపిస్తే దాన్ని దీర్ఘకాలపు నిల్వ అంటారు. ఒక్క కొలతతో ఏదీ తేల్చకూడదు. ఒకే మనిషిలో ఒకే రోజు కూడా ఈ అంకె బాగా మారుతుంది. ఎక్కువ వచ్చిందంటే ఇంకో రోజు సరిగ్గా నింపుకుని వెళ్లి మళ్లీ చూపించుకోండి.

తర్వాత ప్రోస్టేట్. రిపోర్టులో గ్రాములో, సీసీలో రాస్తారు, దాదాపు ఒకటే. 20, 25 మామూలు. "గ్రేడ్ 2 ప్రోస్టేటోమెగలీ" అన్న మాట చూడగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. నిజానికి గ్రంథి ఎంత పెద్దదన్నదానికీ, మనిషి ఎంత బాధపడుతున్నాడన్నదానికీ పొత్తు తక్కువ. 60 గ్రాముల గ్రంథితో హాయిగా ధార పోసేవాళ్లున్నారు, 30 గ్రాములకే ఆగిపోయినవాళ్లున్నారు. ఎక్కువ పనికొచ్చే కొలత వేరే ఉంది. గ్రంథి మధ్య తమ్మె మూత్రాశయం లోపలికి ఎంత పొడుచుకొచ్చింది అన్నది. దాన్ని ఐపీపీ అంటారు. నిలువు బొమ్మలో, సంచిలో 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఉన్నప్పుడు కొలుస్తారు. 5 మిల్లీమీటర్ల లోపు మొదటి మెట్టు, 5 నుంచి 10 రెండోది, 10 దాటితే మూడోది. మూడో మెట్టులో ఆ తమ్మె మూత్రం బయటికి నెట్టినప్పుడల్లా దారికి అడ్డంపడుతుంది. సింగపూర్ వైద్యులు దీని మీద చాలా పని చేశారు. మన రిపోర్టుల్లో చాలాసార్లు ఇది ఉండదు. అడిగితే కొలవడం ఎంతసేపు?

ఇక అంకెలన్నీ కలిపి చూడాలి. గోడ దళసరి, లోపలికి పొడుచుకొచ్చిన ప్రోస్టేట్, 150 దాకా మిగులు, సన్నటి ధార ఉన్నాయంటే అడ్డంకి వైపు వేలు చూపిస్తున్నాయి. పాతికేళ్లుగా షుగరు, గోడ పలచన, సంచి పెద్దది, 400 పోసినా 300 మిగులు, ప్రోస్టేట్ మాత్రం మామూలు. ఇది వేరే కథ. నరాలు మొద్దుబారి, నిండిన సంగతి తెలియక, కండరం పట్టు తప్పింది. ఇలాంటాయనకి ప్రోస్టేట్ తీసేసినా ధార రాకపోవచ్చు. వెన్నుదెబ్బ, పక్షవాతం, పార్కిన్సన్స్ ఉన్నవారిలోనూ ఇలాంటి తికమకలే. మూడో రకంలో స్కాన్ అంతా శుభ్రం, పీవీఆర్ 10, అయినా తాళం తీసేలోపు బట్టలు తడుస్తున్నాయి. స్కాన్ బాగుందని ఆయన బాధ అబద్ధం కాదు. అతిగా స్పందించే మూత్రాశయం బొమ్మలో కనిపించదు.

స్కాన్ చేతకాని చోట

అల్ట్రాసౌండ్ ఆకారం చూపిస్తుంది, మిగులు చూపిస్తుంది, లోపలి ఒత్తిడి చూపించలేదు. దారి బిగుసుకుందా, కండరం నీరసించిందా అన్నది మిగులు అంకె ఒక్కదాంతో తేలదు. రెండింట్లోనూ మిగులు ఒకలాగే ఉంటుంది. అందుకని యూరోఫ్లోమెట్రీ రాస్తారు. యంత్రం అమర్చిన గరాటులోకి పోస్తే వేగం గీత గీస్తుంది. సెకనుకి 15 మిల్లీలీటర్లు దాటితే బాగున్నట్టు, 10కి తగ్గితే అనుమానించాల్సినట్టు. కనీసం 150 మిల్లీలీటర్లు పోస్తేనే ఆ గీతకి విలువ. అప్పటికీ తేలకపోతే, ముఖ్యంగా ఆపరేషన్ ఆలోచన ఉండి సందేహం మిగిలితే, సన్నటి గొట్టాలతో ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్స్ ఉంది. ఇబ్బందికరమైన పరీక్షే, కానీ అక్కర్లేని ఆపరేషన్ కంటే నయం.

పొట్టమీద నుంచి చేసే స్కాన్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ లేదని తేల్చలేరు. దానికి పీఎస్ఏ రక్తపరీక్ష, వేలితో పరీక్ష, అవసరమైతే ఎమ్ఆర్ఐ. మూత్రం బిగుసుకున్నప్పుడూ ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడూ పీఎస్ఏ దానంతటదే పెరుగుతుంది కాబట్టి ఆ సమయంలో చేయించి భయపడొద్దు. నొప్పి లేకుండా ఎర్రగా మూత్రం వస్తే మాత్రం, ఒక్కసారే వచ్చినా, స్కాన్ మామూలుగా ఉన్నా, యూరాలజిస్టుకు చూపించుకోవాలి. చిన్న గడ్డలు స్కాన్‌కి అందవు. బీడీ, సిగరెట్ తాగేవారు ఈ మాటను రెండుసార్లు చదవండి.

స్కాన్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. పొత్తికడుపు ఉబ్బి చుక్క కూడా రాకపోతే, చలిజ్వరంతో మూత్రం ఆగిపోతే, నడుంనొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గి, కూర్చునే చోట తిమ్మిరెక్కి మూత్రం తెలియకుండా పోతుంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. చివరిది వెన్నులోని నరాల కట్ట నలిగిపోతున్న గుర్తు. అక్కడ గంటలే లెక్క.

మిగతావారు తొందరపడక్కర్లేదు. చిట్టా రాసుకోండి, అర లీటరు తాగండి, నిదానంగా పోసి రండి. రిపోర్టు చేతికివ్వగానే పోయకముందు ఎంత, పోశాక ఎంత అన్న రెండు అంకెలూ ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. రెండోది లేకపోతే అక్కడి నుంచి కదలకండి, రాయించుకున్నాకే రండి.